ముడి ఖనిజం ఆపేస్తే పెట్టుబడి వెతుక్కుంటూ వస్తుందా?

కొలిమి:
స్టెయిన్‌లెస్ స్టీలుకీ బ్యాటరీలకీ కావాల్సిన లోహం నికెల్. ఇండోనేషియా 2020 జనవరి 1 నుంచి దాని ముడి ఖనిజం ఎగుమతి పూర్తిగా ఆపేసింది. కావాలంటే మా గడ్డ మీదే కరిగించుకోండి అంది. చైనా కంపెనీలు వచ్చి కరిగిస్తున్నాయి. సులవేసీ దీవిలోని మొరొవాలీలో ఇప్పుడు వరసగా కొలిములు, వాటికి సొంత బొగ్గు విద్యుత్ కేంద్రాలు, రేవు. నికెల్ ఎగుమతుల విలువ 2017లో సుమారు 300 కోట్ల డాలర్లు, 2022కి 3,000 కోట్లు దాటిందని అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో ప్రభుత్వం చెప్పుకుంది. మట్టి అమ్ముకునే దేశాలకు ఇదే దారి అంటాను. కాదనేవాళ్లు రండి.

లెక్కలపుస్తకం:
కొలిమి గారూ, ఎగుమతి విలువ వేరు, చేతిలో మిగిలేది వేరు. అక్కడి కొలిములు చైనావాళ్లవి, యంత్రాలు వాళ్లవి, అప్పు వాళ్ల బ్యాంకులది, కొనేదీ ఎక్కువగా వాళ్లే. పైగా ఏళ్ల తరబడి టాక్స్ హాలిడే, అంటే పన్ను మినహాయింపు. లాభంలో సింహభాగం చైనాకే పోతోందని ఆర్థికవేత్త ఫైసల్ బస్రీ 2023లో గట్టిగానే అన్నారు, ప్రభుత్వం ఖండించింది. నన్ను అడిగితే అసలు తిరకాసు ఇంకోటి. ఎగుమతి మూసేస్తే దేశంలో ఖనిజం ధర బయటి ధర కంటే కిందికి దిగుతుంది. గనివాడు తక్కువకి అమ్ముతాడు, ఆ తేడా కొలిమివాడికి. అది సబ్సిడీయే, కాకపోతే బడ్జెట్‌లో కనపడదు.

ఓడసరంగు:
చిన్న సవరణ. 2020 నిషేధం చూసి వచ్చినవాళ్లు కాదు వీళ్లంతా. మొరొవాలీ పారిశ్రామిక పార్కు 2013 నాటిది, తొలి నిషేధం 2014లో, 2017లో సడలించారు. మళ్లీ బిగించాక ఐరోపా సమాఖ్య ప్రపంచ వాణిజ్య సంస్థలో (డబ్ల్యూటీవో) ఆ నిషేధం మీద కేసు వేసి గెలిచింది (2022 నవంబర్). ఇండోనేషియా అప్పీలుకు వెళ్లింది. అప్పీలు వినాల్సిన బెంచీలో 2020 చివరి నుంచి ఒక్క సభ్యుడూ లేడు! తీర్పు అక్కడే వేలాడుతోంది.

ఎర్రమట్టి:
అందరూ డాలర్లే లెక్కపెడుతున్నారు. 2023 డిసెంబర్ 24న మొరొవాలీలో, మరమ్మతు కోసం ఆపిన కొలిమిలో పేలుడు జరిగింది. అడుగున మిగిలిపోయిన వేడి స్లాగ్ (లోహం తీశాక మిగిలే కరిగిన చెత్త) బయటికొచ్చి మంటలు లేచాయని మొదట చెప్పారు. 21 మంది పోయారు, ఇండోనేషియన్లూ చైనీయులూ. లాభం ఎవరిదని తగవులాడే రెండు దేశాల కూలీలూ ఒకే కొలిమి దగ్గర పోయారు.

కొలిమి:
ఎర్రమట్టి గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. టాక్స్ హాలిడే మరీ దీర్ఘంగా ఇచ్చారన్నదీ ఒప్పుకుంటా. కానీ ప్రపంచ నికెల్ తవ్వకంలో సగానికి పైగా ఇవాళ ఇండోనేషియాదే. ఇక్కడి సరుకు వరదకి ధర పడి, గనుల దిగ్గజం బీహెచ్‌పీ 2024లో ఆస్ట్రేలియాలో తన నికెల్ వ్యాపారం ఆపేసింది. అంత పట్టు ఊరికే రాలేదు.

లెక్కలపుస్తకం:
ఆ పట్టు ఎన్నాళ్లు? ధర పడితే కొట్టేది తమ గనులనే. ఇనుము-ఫాస్ఫేట్ బ్యాటరీలకు నికెలే అక్కర్లేదు, ఆ రకంలో ముందున్నదీ చైనాయే. మరో విడ్డూరం: ఆ కొలిముల ఆకలి తీరక ఇండోనేషియా ఇప్పుడు ఫిలిప్పీన్స్ నుంచి ఖనిజం దిగుమతి చేసుకుంటోంది. నిషేధించిన దేశమే కొనుక్కుంటోందన్నమాట.

ఓడసరంగు:
ఆ ఫిలిప్పీన్సే అదే మందు వేసుకుందామనుకుంది. ముడి ఖనిజం ఎగుమతి నిషేధం బిల్లులో పెట్టి, 2025లో తీసేసింది. కరిగించే కర్మాగారాలు చాలినన్ని లేవు, కొనేవాడికేమో పక్కనే ఇండోనేషియా ఉంది. మీ సరుకు లేకపోతే కొనేవాడు కుదేలయ్యేంత వాటా ఉంటేనే ఈ బెదిరింపు పనిచేస్తుంది కొలిమి గారూ. అంత వాటా ఇంకెవరికి ఉంది, ఏ ఖనిజంలో?

ఎర్రమట్టి:
బ్యాటరీల్లో వాడే మరో లోహం కోబాల్ట్‌లో కాంగోకి ఉంది. అక్కడి గనుల్లో పెద్దవి చాలావరకు ఎవరి చేతిలో ఉన్నాయో మాత్రం చూసుకుని రండి.