తక్కువ బడ్జెట్‌లో మానిటర్: వైడ్ గామట్ మేలా, మామూలు ఎస్‌ఆర్‌జీబీకి కాలిబ్రేటర్ తోడైతే మేలా?

కుంచెగీత:
డిజిటల్ పెయింటింగ్ చేస్తాను, ఫొటోలు కూడా ఎడిట్ చేస్తాను. ఇప్పుడున్న ల్యాప్‌టాప్ తెర మీద చీకటి భాగాల్లో ఏముందో కనిపించదు, తల కాస్త వంచితే రంగే మారిపోతుంది. అందుకని విడిగా మానిటర్ కొందామనుకుంటున్నాను. ఉన్న డబ్బుకి రెండే వస్తున్నాయి. ఒకటి, 95 శాతం డీసీఐ-పీ3 (సినిమాల కోసం వచ్చిన పెద్ద రంగుల పరిధి, పొట్టిగా పీ3) అని రాసి ఉన్న 27 అంగుళాల వైడ్ గామట్ మానిటర్, అంటే మామూలు తెర కంటే ఎక్కువ రంగులు చూపించేది. రెండోది, 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరలు, వెబ్ వాడే రంగుల పరిధి) చూపించే 24 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్ మానిటర్, మిగిలిన డబ్బుతో ఒక కాలిబ్రేటర్, అంటే తెర రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం. అడిగిన ఇద్దరూ చెరో మాట చెప్పారు. మీరేమంటారు?

లెన్స్‌మేట్:
వైడ్ గామటే తీసుకోండి. కెమెరా ముడిగా దాచే రా ఫైల్‌లో పట్టే రంగులన్నీ ఎస్‌ఆర్‌జీబీలో ఇమడవు. ముదురు బంతిపువ్వుని ఫొటో తీసి చూడండి, రేకుల మధ్య తేడాలు పోయి ఒకే ముద్దలా కనిపిస్తుంది. ఎస్‌ఆర్‌జీబీ 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి అప్పటి సీఆర్‌టీ మానిటర్లను బట్టి తయారుచేసిన ప్రమాణం. ఐఫోన్‌లో 2016 నాటికే, ఐఫోన్ 7తో, పీ3 తెర వచ్చేసింది. చూసేవాళ్ల తెర కంటే గీసేవాళ్ల తెర తక్కువగా ఉంటే ఎలా అండీ? ఎస్‌ఆర్‌జీబీ కావాల్సినప్పుడు మెనూలో ఆ మోడ్ ఎలాగూ ఉంటుంది.

సిరాచుక్క:
లెన్స్‌మేట్ గారు రంగుల గురించి చెప్పింది నిజమే. కానీ తక్కువ ధర వైడ్ గామట్ మానిటర్ విషయంలో ఆ సలహా నష్టం చేస్తుంది.

విండోస్‌లో చాలా అప్లికేషన్లు మానిటర్ ప్రొఫైల్‌ని (ఆ తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైల్) పట్టించుకోవు. ఫొటోషాప్, క్రిటా, లైట్‌రూమ్ లాంటివి పట్టించుకుంటాయి, అదీ ప్రొఫైల్ సరైనదైతేనే. ప్రొఫైల్ లేకుండా వైడ్ గామట్ తెర మీద ఎస్‌ఆర్‌జీబీ బొమ్మ తెరిస్తే ఎరుపు మండిపోతుంది, మనిషి ముఖం జ్వరం వచ్చినట్టు కనిపిస్తుంది. మీరు శాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తారు. అదే బొమ్మ మిగతా అందరి తెరల మీద వెలిసిపోయి కనిపిస్తుంది. ఈ తేడా మీ కంటికి ఎప్పటికీ తెలియదు, అదే అసలు ప్రమాదం. పీ3 ఫోన్ల సంగతికొస్తే, ఐఫోన్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఉంది. ఎస్‌ఆర్‌జీబీ బొమ్మని ఎస్‌ఆర్‌జీబీలాగే చూపిస్తుంది.

ఇక ఎస్‌ఆర్‌జీబీ మోడ్. చౌక మానిటర్లు చాలావాటిలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మార్చనివ్వవు. కొనేముందు ఇది తప్పకుండా కనుక్కోండి.

పెట్టె మీది అంకెలతో కూడా జాగ్రత్త. "125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అంటే పరిధి మొత్తం వైశాల్యం అంత అని, ఎస్‌ఆర్‌జీబీ రంగులన్నీ అందులో ఉన్నాయని కాదు. "కవరేజ్" అని విడిగా రాశారా లేదా అన్నదే చూడాలి. "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" (పాత టీవీ ప్రమాణంతో పోల్చి చెప్పే అంకె) అని ఉంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ అనుకోవచ్చు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే ఈ పనికి వద్దు.

లెన్స్‌మేట్:
మరి ప్రింట్ సంగతో? మంచి ఇంక్‌జెట్ ప్రింటర్ వేయగల సయాన్, ఆకుపచ్చ రంగులు ఎస్‌ఆర్‌జీబీకి బయట ఉన్నాయి. తెర మీద చూడకుండా వాటిని సరిచేయడం ఎలా?

సిరాచుక్క:
అక్కడ మీతో ఏకీభవిస్తాను. అయితే ఆ రంగులకు కావాల్సింది అడోబీ ఆర్‌జీబీ అనే మరో రంగుల పరిధి. పీ3 ఎక్కువగా ఎరుపు వైపు విస్తరిస్తుంది, అడోబీ ఆర్‌జీబీ ఆకుపచ్చ, సయాన్ వైపు. కుంచెగీత గారు చెప్పిన 27 అంగుళాల మానిటర్ పీ3ది. మీరు అడిగే సయాన్‌లు అందులోనూ పూర్తిగా దొరకవు.

ప్రింట్ చేసేవాళ్లు ఎక్కువగా చెప్పే ఇబ్బంది రంగుది కాదు, ప్రింట్ నల్లగా వస్తోందని. మానిటర్ షాపు నుంచి వచ్చేటప్పుడే బ్రైట్‌నెస్ చాలా ఎక్కువగా పెట్టి ఉంటుంది. మామూలు గది వెలుతురులో 120 నిట్స్ (తెర వెలుగు కొలత) దగ్గరికి తగ్గించి, వైట్ పాయింట్ (తెర మీది తెలుపు ఛాయ) 6500 కెల్విన్ పెట్టుకుంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. 120 నిట్స్ ఎక్కడుందో కంటితో చెప్పలేం, కొలవాలి. కాలిబ్రేటర్ కావాలని పట్టుబట్టేది అందుకే.

పెన్‌టిప్:
ఇద్దరూ రంగుల దగ్గరే ఆగిపోయారు. గీసేవాళ్లకి గీత ముఖ్యం. 27 అంగుళాల్లో 1920×1080 అంటే అంగుళానికి 82 పిక్సెళ్లే, గీత అంచుల్లో మెట్లు కనిపిస్తాయి. అదే సైజులో 2560×1440 అయితే 109. 24 అంగుళాలకి 1080 పరవాలేదు, 92 వస్తుంది. ఇంకో మాట, ఫ్యాక్టరీలోనే కాలిబ్రేట్ చేసి, డెల్టా ఈ (రంగు ఎంత తప్పిందో చెప్పే అంకె) 2 కంటే తక్కువ అని రిపోర్ట్ పెట్టి ఇస్తున్నారు కదా, మళ్లీ కాలిబ్రేటర్ ఖర్చు ఎందుకు?

సిరాచుక్క:
పిక్సెళ్ల మాట నిజం, 27 అంగుళాల్లో 1080 కొనొద్దు. ఫ్యాక్టరీ రిపోర్ట్ ఉంటే మంచిదే, కానీ అందులో ఉండేది సాధారణంగా సగటు. ఒకటి రెండు రంగులు బాగా తప్పినా సగటు బాగానే ఉంటుంది. పైగా వాడేకొద్దీ బ్యాక్‌లైట్ మారుతుంది, ఆ కాగితం మారదు. కాలిబ్రేటర్ ఉంటే ల్యాప్‌టాప్‌కీ, తర్వాత కొనే మానిటర్‌కీ అదే పనికొస్తుంది. దాన్ని నడపడానికి ఆర్గిల్ సీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. కొనలేకపోతే తెలిసినవాళ్ల దగ్గర ఒక్క పూట అరువు తెచ్చుకున్నా చాలు. పాత కాలిబ్రేటర్లు కొన్ని వైడ్ గామట్ తెరల్ని తప్పుగా కొలుస్తాయి, కాబట్టి మోడల్ చూసుకోండి.

కుంచెగీత:
నేను సొంతంగా ప్రింట్ చేయను, బొమ్మలన్నీ ఆన్‌లైన్‌లోనే పెడతాను. అయితే 24 అంగుళాల ఐపీఎస్ వైపే మొగ్గుతున్నాను. వీఏ అనే మరో రకం ప్యానెల్‌లో నలుపు బాగుంటుందంటారు, అది చూడొచ్చా?

లెన్స్‌మేట్:
సినిమాలకి బాగుంటుంది. కాంట్రాస్ట్ మామూలు ఐపీఎస్‌లో 1000:1 ఉంటే వీఏలో 3000:1 దాకా వస్తుంది. కానీ పక్కనుంచి చూస్తే ముదురు ఛాయలు మారతాయి. మీ ల్యాప్‌టాప్‌తో ఉన్న ఇబ్బందే మళ్లీ వస్తుంది. ఆన్‌లైన్ వరకే అయితే మీ నిర్ణయానికి అడ్డు చెప్పను. సొంత ప్రింటర్ కొనే రోజు వస్తే మాత్రం మళ్లీ ఇక్కడ అడగండి, అప్పుడు అడోబీ ఆర్‌జీబీ కోసం గట్టిగా వాదిస్తాను.

సిరాచుక్క:
మానిటర్ వచ్చాక అరగంట వెలగనిచ్చి, తెర నిండా బూడిద రంగు పెట్టి చూడండి. ఒక మూల గులాబీగానో పచ్చగానో గట్టిగా తేలితే, వాపసు గడువు దాటకముందే మార్పించేయండి. ఆ లోపాన్ని కాలిబ్రేటర్ సరిచేయలేదు.