కంప్యూటర్ క్లాసుకి ఇంట్లో 'సపోర్ట్' అంటే ఏం చెయ్యాలి? కంప్యూటర్ కొనాలా, వద్దా?

నరసన్నపేట అమ్మ
అందరికీ నమస్కారం. మా పాప ఆరో తరగతి, ప్రైవేటు స్కూలు. వారానికి ఒక్క కంప్యూటర్ పీరియడ్. ల్యాబ్‌లో పన్నెండు సిస్టమ్‌లు, క్లాసులో నలభై ఇద్దరు. మౌస్ ఎవరి చేతిలో ఉంటే ఆ రోజు క్లాసు వాళ్లదే. మా పాప నెమ్మదస్తురాలు. ఈ ఏడాది మౌస్ పట్టుకున్నది రెండేసార్లు అంటోంది. పరీక్షలో మాత్రం 'ఇన్‌పుట్ పరికరాలు ఐదు రాయుము' అంటే మార్కులన్నీ తెచ్చుకుంది. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో "ఇంట్లో మీరు కొంచెం సపోర్ట్ చెయ్యాలమ్మా" అన్నారు. నేను ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోన్, అదీ వాళ్ల నాన్నది, ఆయనతో పాటు రాత్రి ఎనిమిదికి ఇంటికి వస్తుంది. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొనమంటారా? కొన్నా నాకు రాదు కదా, ఏం సపోర్ట్ చెయ్యను?

వంశధార
అమ్మా, కొనండి. శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను, పిల్లల్ని చూసే చెప్తున్నాను. ఫోన్ బాగా వాడే పిల్లాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే తను చేసిన పని ఎక్కడ సేవ్ అయిందో చెప్పలేడు. ఫోన్‌లో ఫైల్ ఎక్కడుందో తెలియాల్సిన అవసరమే రాదు మరి. ఫోల్డర్ అంటే ఏమిటో, పేరు పెట్టి దాచుకోవడం ఏమిటో కంప్యూటర్ మీదే అలవాటవుతుంది.

రెండోది టైపింగ్. కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల దగ్గర చిన్న గీత చేతికి తగులుతుంది. చూపుడు వేళ్లు అక్కడ ఉండాలి. అక్కడ నుంచి పది వేళ్లూ వాటంతట అవే చోటు చూసుకుంటాయి. రోజుకి పదిహేను నిమిషాలు, మూడు నెలలు చాలు. రెండు వేళ్ల అలవాటు పడ్డాక మాన్పించడం చాలా కష్టం, ఇప్పుడే పట్టించండి. ఆఫీసు పనికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, లిబ్రేఆఫీస్ ఉచితం. పిల్లలు బొమ్మల్ని కదిలిస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకునే స్క్రాచ్ కూడా ఉచితమే. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది.

టెక్కలి నాన్న
కొంటే హాల్లో పెట్టండి. పిల్లల గదిలో వద్దు.

పలాస జీడి
కొనమనడం తేలికే. మా గుంటడు ఏడో తరగతిలో ఉండగా ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పుతామని ఫోన్ చేశారు. మీవాడు పదో తరగతికి యాప్ తయారుచేస్తాడన్నారు. 38 వేలు, వాయిదాల్లో కట్టాను. ల్యాప్‌టాప్ వేరే. నాలుగు నెలల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. మొన్న ఒక కాగితం టైప్ చేసి ప్రింట్ తీసుకురారా అంటే చేతకాలేదు. పాఠంలో మేడం చెప్పిన చోటల్లా నొక్కాడంతే. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో క్రికెట్ చూస్తున్నాడు. ఇంకా కొనమంటారా?

లెక్కల టీచర్, చీపురుపల్లి
నరసన్నపేట అమ్మా, ఇప్పుడే కొనకండి.

నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. మా బడిలో అందరికీ అదే ట్యాబ్, అవే పాఠాలు. ఇంటికి వెళ్లాక "ఈ రోజు ఏం చూశావు, నాకూ చెప్పు" అని అడిగినవాళ్లు ఉన్న పిల్లలు ఒకలా వాడారు, అడిగేవాళ్లు లేని పిల్లలు ఇంకోలా వాడారు. అడిగిన ఆ అమ్మల్లో చదువుకున్నవాళ్లు తక్కువే.

కంప్యూటర్ లేకుండా చెయ్యగలిగింది చాలా ఉంది. పాపని టీ పెట్టే పద్ధతి అంచెలంచెలుగా రాయమనండి. తను రాసినట్టే, రాసింది మాత్రమే మీరు చెయ్యండి. 'స్టవ్ వెలిగించు' అని రాయకపోతే వెలిగించకండి. పాప పేపరు లాక్కుని దిద్దుతుంది. ప్రోగ్రాం రాయడం, తప్పు వెతకడం అంటే అదే.

ఇంకోటి. అయిదు అట్టముక్కలు తీసుకుని వరసగా 16, 8, 4, 2, 1 చింతపిక్కల బొమ్మలు వెయ్యండి. ఒక్కో ముక్క తెరిచి ఉండాలి లేదా బోర్లా ఉండాలి, అంతే. పాప వయసు పదకొండు అనుకుంటాను. 8, 2, 1 తెరిస్తే పదకొండు. తెరిచింది 1, మూసింది 0 అని రాస్తే 01011. సున్నా నుంచి 31 వరకు ఏ అంకె అయినా ఈ అయిదు ముక్కలతో వస్తుంది. కంప్యూటర్ లోపల లెక్క నడిచేది ఇలాగే. ఇలా 1, 0లతోనే అంకెలు రాయడాన్ని బైనరీ అంటారు. ఇది తెలిసిన పిల్లకి ఆ పాఠం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

నెల్లిమర్ల
టీ ఆట మా చిన్నాడితో ఆడాను. గిన్నె పొయ్యి మీద పెట్టమని రాయడం మరిచిపోయాడు. చాలా బాగుంది టీచర్ గారూ.

వంశధార
టీచర్ గారూ, చింతపిక్కలు మంచివే, కాదనను. కానీ ల్యాబ్‌లో పక్కపిల్ల మౌస్ లాక్కున్నప్పుడు చింతపిక్కలు పాపకి ధైర్యం ఇవ్వవు. చెయ్యి తిరిగిన పిల్లకే మౌస్ దక్కుతుంది. వేళ్లకి రావాలండీ, వేళ్లకి.

బొబ్బిలి బీటెక్
నేను రెండు వేళ్లతోనే కంప్యూటర్ సైన్స్ ఫైనలియర్‌కి వచ్చాను సార్. ప్రోగ్రాం రాసేటప్పుడు ఆలోచించే టైమే ఎక్కువ, కొట్టే టైం తక్కువ.

వంశధార
బాబూ, నీకు నడిచింది కాబట్టి అందరికీ నడుస్తుందనుకోకు. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ అన్నీ ఇప్పుడు కంప్యూటర్ మీదే. కీబోర్డు ముట్టని పిల్ల అక్కడ కూర్చుంటే చేతులు వణుకుతాయి.

బొబ్బిలి బీటెక్
జేఈఈ మెయిన్‌లో కీబోర్డు ముట్టుకోనివ్వరు సార్. అంకెలు వెయ్యాలన్నా స్క్రీన్ మీద కనిపించే బటన్లని మౌస్‌తో నొక్కాలి. నేను రాశాను.

వంశధార
సరే, జేఈఈ వదిలెయ్. ఉద్యోగాల స్కిల్ టెస్టుల సంగతేమిటి? క్లర్కు పోస్టుకి, డేటా ఎంట్రీకి ఎంత వేగంగా టైప్ చేస్తారో చూస్తారు. పది వేళ్లు రాని పిల్ల అక్కడ ఆగిపోతుంది. ఆరో తరగతిలో మొదలుపెడితే తప్పేమిటో ఒక్కరైనా చెప్పండి.

టెక్కలి నాన్న
ఆవిడ అడిగింది ఆరో తరగతి పిల్ల గురించి. స్కిల్ టెస్టుల దాకా ఎందుకు వెళ్లాం?

పలాస జీడి
నేను చెప్తాను ఎందుకు వెళ్లామో. సెంటర్ ఉన్నాయన కొనమనే అంటాడు, టైపింగ్ నేర్చుకోమనే అంటాడు. నాకు కోర్సు అమ్మినవాళ్లు కూడా "మీ అబ్బాయి భవిష్యత్తు" అనే మొదలుపెట్టారు. భయపెట్టి డబ్బు గుంజడం అందరికీ అలవాటైపోయింది.

వంశధార
జీడి గారూ, ఆ మాట మీరు వెనక్కి తీసుకోవాలి. ఈ చర్చలో నా సెంటర్ పేరు ఎక్కడైనా రాశానా? నా దగ్గరికి రమ్మన్నానా? ఇంట్లోనే నేర్పుకోమని కదా చెప్తున్నాను.

టైపింగ్ పట్టుకుని ఎందుకు వేలాడుతున్నానో చెప్తాను వినండి. డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసులో ఉద్యోగానికి రాతపరీక్షలో పైవరసలో వచ్చాను. తర్వాత స్కిల్ టెస్ట్. మా ఊళ్లో టైపు ఇన్‌స్టిట్యూట్ లేదు. టౌనుకి రోజూ బస్సు చార్జీలు పెట్టి పంపే స్తోమత మా నాన్నకి లేదు. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కుంటుండగానే బెల్లు కొట్టేశారు. నా పక్కన కూర్చున్నవాడు టైపు హయ్యర్ పాసైనవాడు, ఆ ఉద్యోగం వాడికి వచ్చింది. నాకంటే రాతపరీక్షలో తక్కువ మార్కులు వాడివి. ఇంకో పిల్లకి అలా కాకూడదని నా బాధ. దాన్ని అమ్మకం అంటారా?

నెల్లిమర్ల
ఇద్దరూ కొంచెం నిదానించండి దయచేసి.

పలాస జీడి
వంశధార గారూ, ఆ మాట తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను. నా 38 వేల కోపం మీ మీద చూపించాను.

కానీ ఒకటి అడగనివ్వండి. టీచర్ గారు పిల్లల్ని అడగమంటున్నారు, వాళ్లు చెప్పింది వినమంటున్నారు. నేను ఏడో తరగతితో ఆగిపోయాను. వ్యాపారంలో నా మాటకి ఎదురులేదు. ఇంట్లో మావాడు నా మాట వింటున్నాడంటే నాన్నకి అన్నీ తెలుసని నమ్మకం. ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న రోజు నాకేమీ తెలీదని వాడికి తెలిసిపోతుంది. కోర్సు మొదలైన వారం ఒకసారి కూర్చున్నాను. "నీకు అర్థం కాదులే నాన్నా" అన్నాడు. మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేదు. డబ్బు కట్టి బయటివాళ్లకి అప్పగించింది అందుకే. సపోర్ట్ అనే మాట స్కూలువాళ్లు సులువుగా అనేస్తారు. మేం ఎక్కడ నుంచి తెచ్చి ఇవ్వాలి?

వంశధార
అందుకే ముందు మీరు నేర్చుకోవాలంటాను. తండ్రికి నాలుగు మాటలైనా తెలిస్తే పిల్లాడు అలా అనడు. మా దగ్గరికి తల్లులు కూడా వచ్చి నేర్చుకున్నారు.

లెక్కల టీచర్, చీపురుపల్లి
ఇక్కడ మీతో నేను ఏకీభవించను వంశధార గారూ. ముందు పెద్దవాళ్లు నేర్చుకుని అప్పుడు పిల్లలకి సాయం చెయ్యాలంటే మన జిల్లాల్లో సగం ఇళ్లలో ఆ రోజు రాదు. ఈలోపు పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. తెలియని విషయం పిల్లల ముందు తెలియదని చెప్పడం వల్ల తండ్రి చిన్నబోడు. నేనే క్లాసులో చాలాసార్లు చెప్పాను.

జీడి గారూ, ఒక పని చేసి చూడండి. మీ జీడి వ్యాపారంలో బస్తాకి 80 కేజీల పిక్కలు. ఒక్కో బస్తాకి పప్పు ఎంత దిగింది, గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని మీరు పుస్తకంలో రాస్తారు కదా. ఆ పుస్తకం మీవాడి చేతికిచ్చి "ఇది ల్యాప్‌టాప్‌లో పెట్టి ఏ సరుకులో పప్పు ఎక్కువ దిగిందో నాకు చూపించు" అనండి. స్ప్రెడ్‌షీట్, అంటే గళ్లలో అంకెలు వేసి లెక్క కట్టే పట్టిక, వాడికి తెలియాలి. పిక్క సంగతి మీకు తెలుసు. వాడు 80 బదులు 8 కొట్టి, పప్పు బస్తా కంటే ఎక్కువ బరువొచ్చిందని చూపిస్తే పట్టుకునేది మీరే. వాడికి మీ అవసరం ఎక్కడుందో అక్కడ కూర్చోండి. కోర్సులో వాడు ఎవరో చెప్పిన లెక్క చేశాడు. ఇది వాడి ఇంటి లెక్క.

సరదాగా ఇంకోటి కూడా చెయ్యమనండి. ఖాళీ షీట్ తెరిచి కంట్రోల్ నొక్కి ఉంచి కింది బాణం నొక్కితే చిట్టచివరి వరస వస్తుంది. అది 10,48,576. అంత విడ్డూరమైన అంకె ఎందుకని అడగండి. రెండుని ఇరవైసార్లు వేసి గుణిస్తే వచ్చేది అదే. మళ్లీ చింతపిక్కల దగ్గరికే వచ్చాం.

వంశధార
పిక్కల లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అంకెలు కొట్టేటప్పుడు వేళ్లు సరిగ్గా పెట్టమని చెప్పండి.

ఆమదాలవలస
ప్రాజెక్టు పని మాత్రం మీరు చేసి ఇవ్వకండి. నెట్ సెంటర్లో డబ్బులిచ్చి చేయించకండి. మా ఇంట్లో మూడేళ్లు ఆ తప్పు చేశాం.

నరసన్నపేట అమ్మ
వారం రోజులుగా అందరివీ చదువుతున్నాను. కంప్యూటర్ ఇంకా కొనలేదు. బొబ్బిలి తమ్ముడు మెసేజ్‌లో చెప్పినట్టు ఓటీజీ కేబుల్ తెచ్చాం. ఫోన్‌కి ఛార్జర్ పెట్టేచోట అది గుచ్చితే మామూలు కీబోర్డు పనిచేస్తోంది. పక్కింటివాళ్ల పాత కీబోర్డు ఉంటే తెచ్చుకున్నాం. రాత్రి వాళ్ల నాన్న భోంచేసేంతసేపు ఫోన్ పాపది.

ఆదివారం నాకు ఫోల్డర్ అంటే చెప్పవే అన్నాను. వంటింట్లోకి తీసుకెళ్లి పోపులపెట్టె చూపించింది. పెద్ద డబ్బా ఫోల్డర్, లోపల చిన్న గిన్నెలు కూడా ఫోల్డర్లే, ఆవాలు ఫైలు అంది. మరి రెండు గిన్నెల్లోనూ ఆవాలే ఉంటే అన్నాను. ఆలోచించింది. వేరే గిన్నెలైతే ఫర్వాలేదు, ఒకే గిన్నెలో ఒకే పేరుతో రెండు ఉండకూడదు అంది. నిజమేనా అని టీచర్‌ని అడిగి రమ్మన్నాను. ల్యాబ్‌లో చేసి చూసి వచ్చింది. ఆ రోజు మౌస్ అడిగి తీసుకుందట.

వంశధార గారూ, ఎఫ్, జె మీద వేళ్లు పెట్టించాను. బొటనవేళ్లు రెండూ స్పేస్ బార్ మీదే ఉండాలా, ఒకటి చాలా? పాప అడుగుతోంది.