ఊప్స్ నిర్వచనాలన్నీ వచ్చు, యాప్ రాయబోతే క్లాస్ ఎక్కడ కావాలో తెలియడం లేదు

తొలియాప్:
అందరికీ నమస్కారం. నేను బి.కాం. చదివాను. ఆరు నెలలుగా కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నేర్చుకుంటున్నాను. ఊప్స్‌లో, అంటే క్లాసులు, ఆబ్జెక్టులతో ప్రోగ్రాం రాసే పద్ధతిలో, ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, అబ్‌స్ట్రాక్షన్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే మా నాన్నగారి కిరాణా కొట్టుకు అరువు పద్దుల యాప్ రాయడానికి కూర్చున్నప్పుడు ఆ నిర్వచనాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. పేర్లకు ఒక లిస్టు, ఫోన్ నంబర్లకు ఒక లిస్టు, బాకీలకు ఒక లిస్టు పెట్టుకొని, మొత్తం మెయిన్ యాక్టివిటీలోనే (యాప్ తొలి స్క్రీన్‌ను నడిపే క్లాసులో) 900 వరుసల దాకా రాశాను. పోయిన వారం ఒక ఖాతా తొలగించినప్పుడు పేరు, నంబరు పోయాయి గాని బాకీల లిస్టులో నుంచి తీసివేయడం మరిచాను. దాంతో ఆ తరువాత ఉన్న ప్రతివారికీ తమకు ముందున్నవారి బాకీ అంటుకుంది. నాన్నగారు కాగితపు పుస్తకం కూడా రాస్తూ ఉండబట్టి ఎవరితోనూ మాట పడలేదు. మీరు ఈ దశ ఎలా దాటారో చెప్పగలరు.

పాతకాపు:
క్లాస్ ఎక్కడ కావాలో మీకు ఆ తప్పే చూపించింది. ఒక మనిషి పేరు, నంబరు, బాకీ మూడు లిస్టుల్లో ఒకే స్థానంలో ఉన్నాయన్న నమ్మకం మీద మాత్రమే మీ యాప్ నిలబడి ఉంది. ఆ నమ్మకాన్ని కాపాడే బాధ్యత కోడ్‌లో ఎవరికీ లేదు. క్లాసంటే ఒకదానికి సంబంధించిన సమాచారాన్నీ, దానితో చేసే పనులనూ ఒకచోట ఉంచే నమూనా. ఆ మూడింటినీ 'ఖాతా' అనే క్లాసులో పెట్టి, ఖాతాల లిస్టు ఒక్కటే ఉంచండి. అప్పుడు ఖాతాను తీసివేస్తే దాని బాకీ కూడా దానితోనే పోతుంది.

ఇక్కడితో ఆగితే సగమే నేర్చుకున్నట్టు. బాకీని ఏ స్క్రీన్ నుంచైనా మార్చగలిగేలా వదిలేస్తే, రేపు లెక్క తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో వెతకడానికి మొత్తం కోడ్ చదవవలసి వస్తుంది. మీ నాన్నగారి పుస్తకాన్నే ఒకసారి చూడండి. ఆయన పాత బాకీని కొట్టివేసి కొత్త బాకీ రాయరు. ప్రతి అరువునూ ప్రతి జమనూ తేదీతో ఒక్కొక్క వరుసగా రాసి, అడిగినప్పుడు కూడి చెబుతారు. మీ క్లాసు కూడా అలాగే ఉండాలి: లోపల పద్దుల లిస్టు ప్రైవేటుగా ఉంటుంది, బయటివారికి 'అరువు రాయి', 'జమ రాయి' అనే రెండు ఫంక్షన్లే కనిపిస్తాయి, బాకీ ఆ పద్దుల నుంచి లెక్క కట్టి ఇచ్చేదే తప్ప ఎవరూ నేరుగా మార్చగలిగేది కాదు. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదే. దాచిపెట్టడం ఒక పద్ధతి మాత్రమే, నియమాన్ని కాపాడటం అసలు పని. అన్నట్టు, డబ్బును డబుల్‌లో (దశాంశ సంఖ్యల రకంలో) ఉంచకండి. పైసల లెక్కన లాంగ్‌లో (పూర్ణాంకాల రకంలో) ఉంచండి.

పాలకేంద్రం:
నాకు దెబ్బ తగిలింది ఇన్‌హెరిటెన్స్ దగ్గర, అంటే ఒక క్లాసు నుంచి మరో క్లాసు తీయడం దగ్గర. అమీర్‌పేటలో శిక్షణ తీసుకున్నప్పుడు జంతువు నుంచి కుక్క, పిల్లి పుట్టే ఉదాహరణతో నేర్చుకున్నాను. మా ఊరి పాల సేకరణ కేంద్రానికి యాప్ రాస్తూ అదే దారిలో 'రైతు' అనే క్లాసు నుంచి 'ఆవు రైతు', 'గేదె రైతు' అనే రెండు క్లాసులు తీశాను. వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే పద్ధతి రెండింటికీ వేరు గనుక అది సరైన విభజన అనిపించింది. మూడో రోజు పొద్దున్నే ఒక రైతు రెండు క్యాన్లతో వచ్చారు: ఒకదానిలో ఆవు పాలు, ఇంకొకదానిలో గేదె పాలు. ఆయన కోసం 'ఆవు గేదె రైతు' అనే క్లాసు రాయబోయి ఆగిపోయాను.

తేడా రైతులో లేదు, పోసిన పాలలో ఉంది. అందువల్ల 'ధర పద్ధతి' అనే ఇంటర్‌ఫేస్ (ఏ పని చేయాలో మాత్రమే చెప్పి, ఎలా చేయాలో క్లాసులకు వదిలే ఒప్పందం) రాసి, ఆవు పాలకు ఒకటి, గేదె పాలకు ఒకటి అమలు చేసి, ప్రతి పోతకూ దాని పద్ధతిని జతచేశాను. బిల్లు స్క్రీన్ ఇప్పుడు అవి ఏ పాలని అడగదు, ధర ఎంతని మాత్రమే అడుగుతుంది. పాలిమార్ఫిజం నాకు ఆ రోజే అర్థమైంది. కోట్లిన్‌లో ఓపెన్ అని ప్రత్యేకంగా రాస్తే తప్ప క్లాసు నుంచి మరో క్లాసు తీయనివ్వకపోవడం మొదట విసుగనిపించేది. ఇప్పుడు అది మంచి హెచ్చరిక అనిపిస్తోంది.

ఓస్లో:
ఒక చిన్న చేర్పు. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ క్లాసులు, ఆబ్జెక్టులు మొదట కనిపించిన సిములా భాషను రూపొందించింది నిజ వ్యవస్థలు ఎలా నడుస్తాయో కంప్యూటర్‌లో నడిపి చూడటానికే. అందువల్ల కొత్తగా నేర్చుకునేవారు 'ఇది ఏ జాతికి చెందినది' అని కాక 'ఇది ఏం చేస్తుంది, దేన్ని గుర్తుపెట్టుకుంటుంది' అని అడగడం మంచిదని నా అభిప్రాయం.

తొలియాప్:
ఎంతో మేలు చేశారు. ఖాతా క్లాసు రాశాను. రెండు సందేహాలు మిగిలాయి. మెయిన్ యాక్టివిటీ కూడా క్లాసే కదా, దాని ఆబ్జెక్టును (క్లాసు నమూనా నుంచి తయారయ్యేదాన్ని) నేనెక్కడా సృష్టించలేదు. అది ఎక్కడి నుంచి వస్తోంది? ఇక రెండోది: బాకీ ఉన్న ఖాతాను తొలగించనివ్వకూడదన్న నియమం ఎక్కడ రాయాలి?

పాతకాపు:
యాక్టివిటీ ఆబ్జెక్టును ఆండ్రాయిడే సృష్టిస్తుంది, ఆండ్రాయిడే తీసేస్తుంది. మామూలుగా ఫోన్ అడ్డంగా తిప్పితే పాతది పోయి కొత్తది వస్తుంది. మీరు దానిలో ఉంచిన లిస్టు కూడా పాతదానితో పోతుంది. 2017లో గూగుల్ వ్యూమోడల్‌ను (స్క్రీన్ తిరిగినా దాని సమాచారాన్ని నిలిపి ఉంచే క్లాసును) తెచ్చిన ముఖ్య కారణాల్లో ఇది ఒకటి. ఖాతాలను స్క్రీన్‌కు అందించే పని దానికి అప్పగించండి, శాశ్వతంగా నిలవాలంటే డేటాబేస్‌లో రాయండి. మీ 900 వరుసల్లో చాలా భాగం అప్పుడు యాక్టివిటీ నుంచి బయటపడుతుంది.

రెండో ప్రశ్నకు: ఖాతా తనను తాను లిస్టులో నుంచి తీసుకోలేదు గనుక ఆ నియమం ఖాతాలో ఇమడదు. స్క్రీన్‌లో రాస్తే రేపు ఇంకో స్క్రీన్ దాన్ని మరిచిపోతుంది. లిస్టును ప్రైవేటుగా పట్టుకొని ఉండే 'పద్దు పుస్తకం' అనే క్లాసు రాసి, దాని 'తొలగించు' ఫంక్షన్ ముందుగా ఖాతాను బాకీ అడిగి, సున్నా అయితేనే తీసివేసేలా చేయండి.