వైఫై మీద నడిచే నెట్‌వర్క్ డ్రైవ్ ఇంటి బ్యాకప్‌కు పనికొస్తుందా?

హన్మకొండ_పోరడు:
మాది నయీంనగర్. ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు. పిల్లల ఫొటోలు, అక్క పెళ్లి వీడియో, నాన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు అన్నీ కలిపి 600 జీబీ దాకా ఉంటాయి, అవన్నీ తలా ఒక దగ్గర పడి ఉన్నాయి, ఏ ఫోన్ పోతే ఏం పోతుందోనని టెన్షన్. వైఫైతోనే నడిచే నెట్‌వర్క్ డ్రైవ్ (ఇంట్లో అన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఫైళ్లు దాచుకునే డిస్కు పెట్టె) ఒకటి కొని పై గదిలో పెడదామనుకుంటున్నా, రౌటర్ కింద హాల్లో ఉంది. రాత్రిపూట దానంతట అదే బ్యాకప్ అయిపోవాలి. వాడుతున్నవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
పనికొస్తుంది అన్నా, కానీ డ్రైవ్‌ను కేబుల్‌తో రౌటర్‌కే కలుపు. అది కూడా వైఫైలోనే ఉంటే ప్రతి ఫైలూ ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కు ఒకసారి, అక్కడి నుంచి డ్రైవ్‌కు ఇంకోసారి గాలిలోనే పోవాలి, వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా మధ్యలో స్లాబు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటడం కష్టం, 2.4 దాటుతుంది కానీ నెమ్మది. సెకనుకు 5 ఎంబీ వస్తే 600 జీబీకి 33 గంటలు! అదే గిగాబిట్ పోర్టు (సెకనుకు 1000 మెగాబిట్లు పంపే సాకెట్), క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ అయితే సెకనుకు 100 ఎంబీ దాకా వస్తుంది, రెండు మూడు గంటల్లో అయిపోతుంది. మొదటి బ్యాకప్ మాత్రం ల్యాప్‌టాప్‌కు కూడా కేబుల్ పెట్టి చెయ్యి, తర్వాత మారిన ఫైళ్లే పోతాయి కాబట్టి వైఫై చాలు. కొన్ని రౌటర్లకు 100 ఎంబీపీఎస్ (ఇవి మెగాబిట్లు, అంటే సెకనుకు 12 ఎంబీ దాకానే) పోర్టే ఉంటుంది, కొనేముందు అది చూసుకో.

హన్మకొండ_పోరడు:
థాంక్స్ అన్నా. రెండు డిస్కులున్న డ్రైవ్ తీసుకుంటే ఇక వేరే కాపీ అక్కర్లేదు కదా?

జగిత్యాల_అక్క:
కావాలి తమ్ముడూ, తప్పకుండా కావాలి. ఆ రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దం లాంటివి, ఒక డిస్కు చెడిపోతే రెండోది కాపాడుతుంది, అంతవరకే. పిల్లలు ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింటిలోనూ పోతుంది. ల్యాప్‌టాప్‌లోకి ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే దానికి కలిసి ఉన్న నెట్‌వర్క్ డ్రైవ్‌ను కూడా తాళం వేసేస్తుంది. 2017లో వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ పాత ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్‌లోని లోపంతోనే పాకింది, కాబట్టి డ్రైవ్ సెట్టింగుల్లో ఆ వెర్షన్ ఆఫ్ చెయ్యి. మామూలు యూఎస్‌బీ డిస్కు ఇంకొకటి కొని, నెలకోసారి కాపీ చేసి, పీకేసి చుట్టాలింట్లో పెట్టు. 2023 జులై వానలకు మీ దగ్గర కాలనీలు ఎలా మునిగాయో నీకే తెలుసు, హాల్లో పెట్టినా నేల మీద మాత్రం వద్దు. అప్పుడప్పుడు ఒక ఫోల్డర్ వెనక్కి తీసి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడు.

హన్మకొండ_పోరడు:
సరే అక్కా, రౌటర్ పక్కనే గోడకు అర కొట్టించి పెడతా. ఇన్వర్టర్ ఉంది, యూపీఎస్ కూడా కావాలా?

కాజీపేట_జంక్షన్:
పెట్టు అన్నా. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో డ్రైవ్ ఆగిపోవచ్చు, రాస్తుండగా ఆగితే బ్యాకప్ ఫైలే పాడవుతుంది. డ్రైవ్‌కు, రౌటర్‌కు కలిపి 600 వీఏ సామర్థ్యం ఉన్న యూపీఎస్ సరిపోతుంది.