పీఎస్4 కనెక్ట్ అవ్వాలంటే వైఫై సెక్యూరిటీ తగ్గించాల్సిందేనా?

రౌటర్_తంటా:
పోయిన వారం కొత్త రౌటర్ పెట్టా. సెట్టింగ్స్‌లో వైఫై సెక్యూరిటీ రకాల్లో డబ్ల్యూపీఏ3 కనిపిస్తే అన్నిటికన్నా గట్టిది అదే కదా అని అది ఒక్కటే ఆన్ చేశా. ఫోన్లు, ల్యాప్‌టాప్ వెంటనే ఎక్కేశాయి. నా గేమ్ కన్సోల్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4), 2013లో వచ్చిన ఆ మొదటి లావు మోడల్, ససేమిరా అంటోంది. పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నానేమో అని కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ నాలుగుసార్లు కొట్టా, లాభం లేదు. ఇది చాలదన్నట్టు మా తమ్ముడు అటక మీది పాత చేతి గేమ్ మెషిన్ నింటెండో డీఎస్ లైట్ దించి "అన్నా, దీనికీ వైఫై పెట్టు" అని కూర్చున్నాడు. దానికి వెప్ అనే పాత వైఫై సెక్యూరిటీ తప్ప ఇంకేదీ తెలిసినట్టు లేదు. ఫ్రెండ్ ఒకడేమో "పాస్‌వర్డ్ తీసేసి మ్యాక్ ఫిల్టర్ పెట్టెయ్, మనవి తప్ప వేరేవి ఎక్కవు" అంటున్నాడు. ఇంకో సంగతి, పాత రౌటర్‌లో నాట్ టైప్ 3 (బయటి కనెక్షన్లని బాగా అడ్డుకునే స్థితి) చూపిస్తూ పార్టీ చాట్ వినపడేది కాదు, పీఎస్4ని రౌటర్‌లో డీఎంజెడ్ అనే సెట్టింగ్‌లో పెట్టాక సరిపోయింది. ఇందులో కూడా అలాగే చేసేయనా?

పాత_డబ్బా:
పాస్‌వర్డ్ మాత్రం తీయకు బ్రో. మ్యాక్ ఫిల్టర్ కాపలా కాదు. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్‌లో కూడా మ్యాక్ అడ్రస్ (ఒక్కో వస్తువుకి ఉండే గుర్తింపు నంబర్) గాల్లో బాహాటంగానే వెళ్తుంది, పక్కన కూర్చుని వినేవాడు నీ పీఎస్4 నంబర్ చూసి తన ల్యాప్‌టాప్‌కి అదే పెట్టుకుంటే రౌటర్‌కి తేడా తెలియదు. పైగా పాస్‌వర్డ్ లేకపోతే ఎన్‌క్రిప్షనే ఉండదు.

పీఎస్4 ఎక్కకపోవడానికి కారణం నువ్వు డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంచడం. ఆ ప్రమాణం వచ్చిందే 2018లో, నీ మెషిన్‌కి డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. రౌటర్‌లో రెండూ కలిపిన మిక్స్‌డ్ మోడ్ ఉంటుంది, అది పెట్టి చూడు. కొన్ని పాత వస్తువులు మిక్స్‌డ్‌లో కూడా మొరాయిస్తాయి, అప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి దానికి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, వేరే పొడుగు పాస్‌వర్డ్ ఇచ్చి కన్సోల్‌ని అందులోకి పంపెయ్, ఇంట్లో మిగతావన్నీ డబ్ల్యూపీఏ3లోనే హాయిగా ఉంటాయి. నేనైతే మిక్స్‌డ్ పనిచేసినా గెస్ట్‌లోనే పెడతా. కాకపోతే గెస్ట్‌లో ఉన్నవి మెయిన్ నెట్‌వర్క్‌లోని వాటిని సాధారణంగా చూడలేవు కాబట్టి ఇంట్లో ల్యాప్‌టాప్ మీద రిమోట్ ప్లే ఆడేవాళ్లకి అది ఇబ్బంది. ఇంకోటి, లావు పీఎస్4కి 5 గిగాహెర్ట్జ్ వైఫై కనపడనే కనపడదు, 2.4 పేరు వేరుగా ఉంటే అదే ఎంచుకో.

టైప్ చేయలేక డబ్ల్యూపీఎస్ పిన్ (పాస్‌వర్డ్ బదులు అంకెలతో కలిపే పద్ధతి) ఆన్ చేద్దామనుకుంటావేమో, వద్దు. ఆ 8 అంకెల పిన్‌ని రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, అందుకే కోట్ల సార్లు అక్కర్లేకుండా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

చేతిలో_డీఎస్:
డీఎస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. దాని కోసం వెప్ పెట్టకండి, 2007 నాటికే నిమిషం లోపు పగలగొట్టి చూపించారు దాన్ని. అయినా పెట్టి చేసేదేముంది? డీఎస్ గేముల ఆన్‌లైన్ సర్వర్లని నింటెండో 2014 మేలోనే మూసేసింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడాలంటే డీఎస్‌లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, మధ్యలో రౌటర్‌కి పనే లేదు. మీ తమ్ముడికి కావాల్సింది వైఫై కాదు, ఇంకో డీఎస్ ఉన్న ఫ్రెండ్ :)

పోర్ట్_కాపలా:
డీఎంజెడ్ సంగతి. బయటి నుంచి వచ్చే అడగని ట్రాఫిక్ అంతా నువ్వు రాసిన ఒక్క ఐపీకి (వస్తువుకి రౌటర్ ఇచ్చే నంబర్) పంపమని చెప్పడమే అది. నువ్వు రాసింది ఐపీ, పీఎస్4 పేరు కాదు. కన్సోల్ కొన్నాళ్లు ఆఫ్‌లో ఉంటే రౌటర్ అదే ఐపీని ఇంకో వస్తువుకి ఇచ్చేయొచ్చు, అప్పుడు తలుపు తెరుచుకునేది దానికి.

అసలు నాట్ టైప్ 2 వస్తే చాలు, టైప్ 1 కోసం పాకులాడక్కర్లేదు. యూపీఎన్‌పీ (వస్తువులే రౌటర్‌లో పోర్టులు, అంటే ట్రాఫిక్ వచ్చే తలుపులు, తెరిపించుకునే సెట్టింగ్) ఆన్ చేస్తే చాలాసార్లు తేలిగ్గా వచ్చేస్తుంది, కానీ ఇంట్లో ఏ వస్తువైనా పాస్‌వర్డ్ లేకుండా పోర్ట్ తెరిపించుకోవచ్చు కాబట్టి నాకది నచ్చదు. కన్సోల్‌కి రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేసి, గేమ్ అడిగే పోర్టులు మాత్రమే ఫార్వర్డ్ చెయ్. కొంచెం చాకిరీ, కానీ ఒక్కసారే. ముందు ఇంకోటి చూసుకో, ప్రొవైడర్ ఇచ్చిన డబ్బా వెనకాల నీ రౌటర్ పెట్టావా? రెండూ రౌటర్లలా పనిచేస్తుంటే నాట్ (ఇంటి ఐపీలని బయటి ఐపీకి మార్చడం) రెండుసార్లు జరుగుతుంది, ఒక్కదాంట్లోనే పోర్టులు తెరిస్తే ఉపయోగం ఉండదు. మొదటిదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టు, అప్పుడది రౌటర్ పని మానేసి కనెక్షన్ అందిస్తుంది, అంతే.

రౌటర్_తంటా:
అందరికీ థ్యాంక్స్. మిక్స్‌డ్‌లో ఎక్కలేదు, గెస్ట్ డబ్ల్యూపీఏ2లో ఒక్కసారికే ఎక్కింది. మొదటి డబ్బాని బ్రిడ్జ్ చేశాక పోర్టుల జోలికి వెళ్లకుండానే టైప్ 2 చూపిస్తోంది, చాట్ కూడా వినపడుతోంది.

@పోర్ట్_కాపలా, నీ మాట చదివాక పాత రౌటర్ మళ్లీ ఆన్ చేసి చూశా. డీఎంజెడ్‌లో ఉన్న ఐపీ చాలా రోజులుగా నాన్నగారి ల్యాప్‌టాప్‌కి ఉంది! మధ్యలో చాట్ మళ్లీ ఎందుకు పోయిందో అప్పుడు అర్థం కాలేదు.