ఆసుల జత చేతిలో ఉన్నా ఓటమేనా?

ప్రశ్న: హోల్డెమ్ పోకర్‌లో ఫ్లాప్‌కు (బల్ల మీద మొదటి మూడు ఉమ్మడి ముక్కలు తెరవడానికి) ముందే ఆల్-ఇన్ (దగ్గరున్నదంతా పందెం కాయడం). ఆసుల జత మీద రాజుల జత. 5 సార్లలో 2 సార్లు ఆసులు ఓడాయంటే ముక్కలు కలపడంలో ఏదో తేడా ఉన్నట్టేనా?

జవాబు 1: అక్కర్లేదండీ. ఆసుల గెలుపు సుమారు 82%. లెక్క తేలికకు 80 అనుకోండి. ఐదుకు ఐదూ గెలవడం 0.8ను ఐదుసార్లు హెచ్చిస్తే 33% మాత్రమే. కనీసం రెండు పోవడం 26%, అంటే నాలుగింట ఒకసారి!

జవాబు 2: పైగా ఆసుల జత సగటున 221 చేతులకు (పంపకాలకు) ఒక్కసారే వస్తుంది. అందుకే ఓడినవే గుర్తుంటాయి. ప్రతి ఆల్-ఇన్‌కూ పాట్‌ను (మధ్యలో పోగైన మొత్తం పందేన్ని) గెలుపు శాతంతో హెచ్చించి రాసుకోండి: 1000 పాట్‌కు 820. వందల చేతుల తర్వాత అసలు రాబడితో పోల్చండి. ఐదింటితో ఏమీ తేలదు.

జవాబు 3: ఎదుట నలుగురుంటే, వాళ్లకు ఏవో యాదృచ్ఛిక ముక్కలు వచ్చాయనుకుంటే, ఆసుల గెలుపు సగటున సుమారు 56 శాతానికి పడిపోతుంది. రేజ్ చేయకుండా (పందెం పెంచకుండా) ఊరికే కాల్ చేసి (ఉన్న పందెం మాత్రమే కట్టి) అందరినీ లోపలికి రానిచ్చి, తర్వాత అదృష్టాన్ని తిడితే ఎలా?