ఈ మాస్‌ఫెట్‌కి ఎన్ని ఆంపుల గేట్ డ్రైవర్ సరిపోతుందండీ?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) కొని, 12 వోల్టుల డీసీ మోటారుకి 50 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే పల్సులు) ఇస్తున్నాను. రెండు నిమిషాలకే హీట్‌సింక్ మీద దోసె వేసుకోవచ్చు! గేటుని (మాస్‌ఫెట్‌ని ఆన్-ఆఫ్ చేసే కాలుని) నేరుగా ఆర్డుఇనో పిన్నుకే కలిపాను (తిట్టకండి). డేటాషీట్‌లో గేట్ ఛార్జ్ గరిష్ఠంగా 63 నానోకూలంబులు. పిన్ను 20 మిల్లీఆంపులిస్తే గేటు నిండడానికే 3 మైక్రోసెకన్లు పైన. మొత్తం సైకిలే 20 మైక్రోసెకన్లు.

100 నానోసెకన్లలో మారాలంటే 0.63 ఆంపులు కావాలని నా లెక్క. 1.5 ఆంపుల టీసీ4427 (గేటుకి కరెంటు ఇచ్చే డ్రైవర్ చిప్) సరిపోతుందా, ఇంకా పెద్దది కావాలా? నిన్న రెండు ట్రాన్సిస్టర్లతో టోటెమ్‌పోల్ (ఒకటి గేటుని పైకి, ఇంకోటి కిందికి లాగే జత) కట్టి చూశాను. గేట్ రెసిస్టర్ 10 ఓంలు పెడితే మార్పు నెమ్మది, 2.2 పెడితే స్కోపు నిండా రింగింగ్ (వోల్టేజీ ఊగిసలాట). బ్రెడ్‌బోర్డు తీగల వల్లేనా? శనివారం మళ్లీ ఎస్పీ రోడ్డుకి వెళ్తున్నా, ఆలోపు ఎవరైనా చెప్పండి.